తిట్టు మింగిన దీనమ్మ

దీనమ్మని ఒకామె ఉండేదంట, కాలవ అవతల పల్లెలో. పేరు పెట్టిన తాత ఏమనుకుని పెట్టాడో గానీ, దీనంగా ఉండటం అనేది ఆమె ఒంట్లో దీపమెట్టి ఎతికినా దొరకదు. తిట్టటంలో ఆమెకి ఆమే సాటి అనుకో. ఉత్త తిట్టు కాదండీ, దానికో వరస ఉండేది. ముందు కాళ్ళు విరగ్గొట్టేది, తర్వాత చేతులు పడగొట్టేది, తర్వాత నోరు, ఆ తర్వాత కొంప కూల్చేది, అప్పటికీ కోపం తీరకపోతే అవతలోళ్ళ గొడ్డూ గోదా మీద పడేది. మొదలుపెట్టిందంటే పాలు తీసేవాళ్ళు కూడా చెంబు పక్కనబెట్టి వినేవాళ్ళంట. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో కాన్పొచ్చినా, ఎవరికి జొరమొచ్చినా ముందు గంజి కాసుకుని పోయేది దీనమ్మే. పోతా పోతా ఆ జొరమొచ్చినోణ్ణే తిట్టుకుంటా పోయేది, ‘వానలో ఎవడు తిరగమన్నాడురా నిన్ను’ అని. ఆమె మొగుడు ఏసోబు ఉత్త నెమ్మదస్తుడు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది, ఆయనకి పనుండేది కాదు.

గోడ అవతల తోడికోడలు సువార్తమ్మ. ఏసోబు తమ్ముడి పెళ్ళాం. తమ్ముడు పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు, ఒక్కతే ఉంటది. ఈమె తిట్టదు. ఈమె దారి వేరు. ఊరికే ఒక చూపు చూసుద్ది, మూతి ఇట్టా తిప్పుద్ది, కొంగు ఇట్టా దులుపుద్ది. అంతే! దీనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుద్ది. తిట్టేది దీనమ్మ, ఊళ్ళో చెడ్డయ్యేది దీనమ్మ, సువార్తమ్మేమో ‘నేనేమన్నానమ్మా’ అని అందరి మొహాలూ చూసేది. చూశారా మీరూ ఇట్టాంటోళ్ళని? చూసే ఉంటారు, మీ నవ్వే చెబుతంది.

ఏమైందంటే, క్రిస్మస్ నాడు గుళ్ళో బల్ల ఇస్తన్నారు, అదే, ప్రభువు పేరున రొట్టే ద్రాక్షరసమూ. మాలో అందరికీ ఒకటే గిన్నె గదా, అయ్యగారు పట్టుకుని ఒక్కొక్కరి నోటికీ అందిస్తా వస్తాడు. జకరయ్య అయ్యగారని, ముసలాయన, మాట మెత్తన. దీనమ్మ మోకాళ్ళేసుకుని కళ్ళు మూసుకుని తాగింది. పక్కన సువార్తమ్మ. గిన్నె ఆమె దగ్గరికి రాంగానే ఏం చేసిందంటే, కొంగు తీసి, దీనమ్మ పెదిమలు తగిలినకాడ ఇట్టా తుడిచిందంట! తుడిచి, అప్పుడు తాగిందంట. దీనమ్మ కళ్ళు తెరిచే ఉంది ఆ ఏళకి. ఇంకేముంది. కాళ్ళు లేవు, చేతులు లేవు, వరసంతా దాటేసి ఒకేసారి అనకూడని మాట అనేసింది. పిల్లల్లేని ఆడమనిషిని అనకూడని మాట ఒకటుంది గదా, అదే. రాసుకునే అయ్యా, ఆ మాట మాత్రం మీరు రాసుకోవద్దు, నేను చెప్పను కూడా చెప్పను. ఆ మాట దీనమ్మ కోడలు కరుణ కూడా వింది. ఆ పిల్ల పెళ్ళయిన ఏడేళ్ళకి అప్పుడే నెలలు నిండి కూర్చోనుంది. అయ్యగారు గిన్నె బల్ల మీద పెట్టి, ‘దీనమ్మా, లేచి ఎనక్కెళ్ళమ్మా’ అన్నాడు. అంతే, ఆ రోజు నించీ ఆమెని బల్లకి దూరం పెట్టారు. దీనమ్మ లేచి, తల ఎత్తుకునే పోయిందంట. ‘గిన్నె తుడిచినోళ్ళు ముందు, తిట్టినోళ్ళు ఎనకా, బాగుంది న్యాయం’ అని గుమ్మం దాటేదాకా అంటానే పోయింది.

సరే, క్రిస్మస్ అయిన పదిహేను రోజులకి కరుణ కనింది. ఆడపిల్ల. ఏడేళ్ళకి పుట్టిన బిడ్డ, ఇంక చూడండి దీనమ్మ సంబరం, కాలు నేలన ఆనలా. ఈస్టరు పండక్కి బిడ్డని గుళ్ళో ప్రతిష్ఠ చెయ్యాలని, అంటే దేవుడికి అప్పజెప్పాలని, కొడుకు తీతు అనుకున్నాడు. మా సంఘంలో ఆనవాయితీ ఏందంటే, నాయనమ్మ బిడ్డనెత్తుకుని గుమ్మం దగ్గర్నించి బల్ల దాకా నడిచి అయ్యగారి చేతికివ్వాలి. తీతు పోయి సంఘ పెద్దల్ని అడిగితే, ఇశ్రాయేలని పెద్ద ఉండేవాడు, చట్టం మాట్లాడేవాడు ఆయన, ‘మీ అమ్మని బల్లకి దూరం పెట్టాం గదరా, బల్ల దగ్గరికి ఎట్టా వచ్చుద్ది’ అన్నాడు. ‘మరెవరు తెస్తారు పెదనాయనా’ అంటే, ‘చిన్న నాయనమ్మ ఉంది గదా, సువార్తమ్మ’ అన్నాడంట!

తీతు వచ్చి ఈ మాట తల్లికి చెప్పటానికి ముందు గొడ్లచావిడి ఎనక్కి పోయి కాసేపు నిలబడ్డాడంట, ధైర్యం కోసం. చెప్పాడు. దీనమ్మ ఏం తిట్టలా. అట్టాగే కూలబడింది. కూలబడి, కాసేపటికి లేచి, చెప్పులు కూడా ఏసుకోకుండా అయ్యగారింటికి పోయింది. ‘అయ్యా, నా మనవరాల్ని ఇంకోళ్ళు మొయ్యటానికి వల్లకాదు, ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తా.’ అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, ‘నీకు ఆశానిగ్రహం కావాలమ్మా’ అన్నాడు. ‘నాకేం ఆశలున్నాయయ్యా, ఎండుచేపలు తప్ప’ అంది దీనమ్మ. ‘ఎండుచేపల సంగతి కాదమ్మా. నిగ్రహం అంటే లోపల లేచినదాన్ని లోపలే పట్టుకోవటం. రేపు బూడిద బుధవారం, నలభై రోజుల శ్రమదినాలు మొదలు. ఈస్టరు దాకా ఒక్కర్నంటే ఒక్కర్ని తిట్టకుండా ఉండు. ఉన్నావంటే, నీ బిడ్డని నువ్వే తెచ్చుకుందువు గాని.’ ‘ఒక్కర్నీనా?’ ‘ఒక్కర్నీ.’ ‘గొడ్లని?’ అయ్యగారు ఆలోచించాడంట. ‘గొడ్లని కూడా’ అన్నాడు. దీనమ్మ గేటు దాకా పోయి మళ్ళీ ఎనక్కొచ్చింది. ‘కోళ్ళని అయ్యా?’

ఊరంతా పాకిపోయింది. మొదటి రోజు పొద్దున్నే పనిలేనోళ్ళంతా దీనమ్మ వాకిలి ముందు చేరారు, తమాషా చూద్దామని. వాకిట్లో మంచం మీద వడియాలు పెట్టి ఆమె లోపలికి పోయిందో లేదో, గోడ దూకి సువార్తమ్మ కోడి వచ్చింది. వచ్చి వడియాల మీద నడిచింది. ఊరికే నడవలా అనుకో, ఒక్కో వడియమూ కాలితో తిరగేసి చూసి మరీ నడిచింది. దీనమ్మ బయటికొచ్చింది. చూసింది. గోడ అవతల సువార్తమ్మ తల ఒక్కటే కనపడతంది, మూతి తిప్పి ఉంది. దీనమ్మ చీపురెత్తి, నోరు తెరిచి, ‘ఏమేవ్, నీ కాళ్ళు విరగ...’ అని ఆగిపోయింది. దీనమ్మకి లోపల మనవరాలి మొహం కనపడింది. మాట గొంతులోంచి సగం బయటికొచ్చేసింది, ఎనక్కి పోదు, ముందుకి రానిస్తే ఈస్టరు పోద్ది. ఏం చెయ్యాల? ‘...కుండా ప్రభువు కాపాడుగాక!’ అనేసింది.

నవ్వకండి, నవ్వితే నేను చెప్పను. ‘నీ కాళ్ళు విరగకుండా ప్రభువు కాపాడుగాక!’ జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తిట్టా ఇది? దీవెనా? ఎవరికీ తెలీలా. దీనమ్మకి మాత్రం దారి దొరికిందనుకో! ఇంక ఆ రోజు నించీ చూడాలి. ‘నీ చేతులు పడిపో...కుండా!’ ‘నీ కొంప కూల...కుండా!’ ‘నీ గేదె పొదుగు ఎండి పో...కుండా కాపాడుగాక!’ మొదటి ముక్క పల్లె అవతల రోడ్డు దాకా వినపడేది, రెండో ముక్క పక్కనోళ్ళకి కూడా వినపడేది కాదు. సువార్తమ్మ ఊరుకుందా? గిన్నెలు కడిగిన నీళ్ళు గోడ మీదిగా పోసేది, పొయ్యి బూడిద గాలి వాలు చూసి చెరిగేది. ఇటు నించి దీవెనలు ఒకదాని మీద ఒకటి! పదిహేను రోజులయ్యేసరికి ‘కుండా దీనమ్మ’ అని పేరొచ్చింది. పొరుగూరి నించి ఒకాయన వచ్చి, కుండలు ఈమేనా అమ్మేది అని అడిగాడంట పాపం.

అయ్యగారి చెవిన పడింది. వచ్చాడు, మంచం మీద కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు. ‘దీనమ్మా, ఒక మాట అడుగుతా. ఆ మొదటి సగం ఎవరిదమ్మా, రెండో సగం ఎవరిది?’ దీనమ్మ దాచలా. ‘మొదటి సగం నాదయ్యా, రెండో సగం ప్రభువుది’ అంది. అయ్యగారు మూతికంటిన మజ్జిగ తుడుచుకున్నాడు. ‘మరి ఆ మొదటి సగం కూడా ఆయనకే ఇచ్చెయ్యరాదా తల్లీ.’ ‘అప్పుడు నాకేం మిగులుద్దయ్యా?’ అంది దీనమ్మ. వెటకారానికి కాదు, నిజంగానే అడిగిందంట. అయ్యగారు చెంబు కింద పెట్టి, ‘మనవరాలు మిగులుద్ది’ అని లేచిపోయాడు.

ఆ మాట గుచ్చుకుంది ఆమెకి. ఆ రోజు నించీ మొదటి సగం కూడా మానేసింది. మానెయ్యటం అంటే ఏమనుకుంటన్నారు, పులిని పంచలో కట్టేసుకోవటం! కోపం లేచినప్పుడల్లా రోకలి అందుకునేది. ఎండుమిరపకాయలు రోట్లో పోసి దంచేది. బూడిద పడితే ఒక వాయి, నీళ్ళు పడితే రెండు వాయిలు. కోడి మళ్ళీ వచ్చిన రోజున నాలుగు వాయిలు దంచి, మిరపకాయలు అయిపోతే పక్కింటోళ్ళవి అడిగి తెచ్చి దంచిందంట. ఆ ఏడు వాళ్ళింటో కారం అట్టా మిగిలిపోయింది, చుట్టాలు ఎవరొచ్చినా ఒక డబ్బా చేతిలో పెట్టి పంపేది. ఏసోబుకి మాత్రం భయం పట్టుకుంది. ఇంట్లో మాట లేదు, దంపుడు తప్ప. ఒక రోజు అన్నం ముందు కూర్చుని, ‘ఒంట్లో బాగుందా?’ అని అడిగాడు. ‘బాగుంది’ అంది. ‘కూరలో ఉప్పు లేదే’ అన్నాడు, ఇప్పుడన్నా ఒక తిట్టు తిట్టుద్దేమో, ప్రాణం కుదుటపడుద్దని. ఆమె లేచి ఉప్పు తెచ్చి ఏసింది. ఏసోబు ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాడంట.

ఇట్టా శుభశుక్రవారం దాటింది. ఇంక శనివారం ఒక్కటే మిగిలింది. ఆ శనివారం మధ్యాన్నం సువార్తమ్మ సంఘ పెద్దల దగ్గరికి పోయి, ‘నిన్న గుళ్ళోంచి వస్తంటే మా అక్క నన్ను మళ్ళీ ఆ మాటే అంది, క్రిస్మస్ నాడు అన్న మాటే’ అని చెప్పింది. అబద్ధం! నిన్న దీనమ్మ గుళ్ళోంచి తల దించుకుని ఇంటికి పోయింది, ఇంటికి పోయి రెండు వాయిలు దంచింది, అంతే. పెద్దలు పొద్దుండగానే గుళ్ళో కూడారు. దీనమ్మని పిలిపించారు. ఆమె వచ్చింది, ఎనకాల ఏసోబు, తీతు, బిడ్డనెత్తుకుని కరుణ. పల్లె మొత్తం కిటికీల దగ్గర.

‘అన్నావా అమ్మా?’ అని అడిగాడు అయ్యగారు. దీనమ్మకి ఒళ్ళంతా కాలిపోతంది. నలభై రోజులు మింగిందంతా కడుపులోంచి లేచి, ఉడికే గంజి లాగా గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది. బిగబట్టి, ‘అనలేదయ్యా’ అంది, మెల్లగా. ఇశ్రాయేలు పెద్ద అటూ ఇటూ చూసి, ‘అయితే అనే ఉంటది’ అన్నాడు. ‘అదేంది?’ అన్నారు మిగతా వాళ్ళు. ‘ఈమెని మనం నిన్నగాక మొన్న చూశామా? నిజంగా అనకుండా ఈమె మీద అభాండం ఏస్తే, ఈ పాటికి గుడి రేకులు ఎగిరిపోవాల గదా! ఇంత నెమ్మదిగా చెప్పిందంటే తప్పు చేసే చెబుతంది’ అన్నాడు. చూశారా! కిటికీల దగ్గర జనం కూడా, నిజమే, నిజమే అనుకున్నారు. ఏసోబు ఏడుపు మొహం పెట్టి, ‘అరవ్వే! ఒక్కసారి అరువు, నమ్ముతారు!’ అన్నాడంట. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళలో ఆయన గట్టిగా అన్న మాట అదే.

దీనమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే ఆ మాటే వచ్చుద్దని ఆమెకి తెలుసు, పెదిమల ఎనకే కూర్చోనుంది అది. ఈసారి అంటే తప్పేంది, ఎట్టాగూ అన్నానంటన్నారు గదా అని కూడా అనిపించింది. అనటానికే సువార్తమ్మ వైపు తిరిగింది. తిరిగి చూస్తే, సువార్తమ్మ తన వంక చూడటంలా. పెద్దల వంకా చూడటంలా. కరుణ ఒళ్ళో బిడ్డ వంక చూస్తంది. బిడ్డ కాలు గుడ్డలోంచి బయటికొచ్చింది, ఇంత పాదం. ఆ పాదం వంకే చూస్తంది, రెప్పెయ్యకుండా. అప్పుడు తట్టిందంట దీనమ్మకి. బిడ్డ పుట్టి ఇన్నాళ్ళయింది, పల్లెలో అందరూ ఎత్తుకున్నారు, పాలోళ్ళు ఎత్తుకున్నారు, గాజులమ్మే ఆమె ఎత్తుకుంది. గోడ అవతల ఉండే చిన్న నాయనమ్మకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ అంటే ఎవరు? తనే. నీళ్ళు పోసేటప్పుడు, బూడిద చెరిగేటప్పుడు గోడ మీదిగా సువార్తమ్మ తల ఎందుకు కనపడతా ఉండేదో, ఇప్పుడు తెలిసింది.

గొంతు దాకా వచ్చింది ఎటు పోయిందో పోయింది. ‘అయ్యా’ అంది దీనమ్మ, ‘నిన్న అనలేదు. క్రిస్మస్ కి అన్నా. ఏడేళ్ళు నా కోడల్ని ఎవరన్నా ఆ మాటంటే వాళ్ళ పీకలు కొరికినంత పని చేశా నేను. అదే మాట దీన్ని అన్నా, నా కోడలు వింటా ఉండంగా. నలభై రోజులు నోరు కట్టుకున్నా గానీ, దాని దగ్గరికి పోయి తప్పయిందే అని ఒక్క మాట అనలా. కారం దంచటం తేలిక, అదే కష్టంగా ఉందయ్యా. సువార్తా, తప్పయిందే.’

సువార్తమ్మ అప్పుడు బిడ్డ మీద నించి చూపు తిప్పింది. తిప్పి, ‘నువ్వు తిట్టవేందక్కా!’ అని అరిచింది. మెత్తటి మనిషి, ఆమె అరవటం ఊరికి కొత్త. ‘బూడిద పోశా, తిట్టలా! కోడిని తోలా, తిట్టలా! నువ్వు తిడితే బిడ్డని నాకిస్తారని ఎంత చేశానో! ఈ నలభై రోజులూ నువ్వు తిట్టకపోయేసరికి నాకు నిద్ర పట్టక చచ్చిపోయా! ఏమీ అనలేదయ్యా మా అక్క, నేనే అబద్ధం చెప్పా. ఒక్కసారి ఎత్తుకుందామని. పండగ రోజు, అందరి ముందర, ఒక్కసారి’ అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కిటికీల దగ్గర ముక్కులు చీదటం మొదలైంది.

ఇశ్రాయేలు పెద్దకి చట్టం గుర్తొచ్చింది. ‘ఆగండాగండి. దేవుడి గుళ్ళో అబద్ధ సాక్ష్యం చెప్పింది గదా, మరి ఈమెని కూడా బల్లకి దూరం పెట్టాల’ అన్నాడు. దీనమ్మ గిర్రున తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ‘ఇశ్రాయేలూ, నీ నోరు ప...’ అంది. జనం ముందుకి ఒరిగారు. అయ్యగారు కళ్ళు మూసుకున్నాడు. ఏసోబు మొహంలో ఎలుగొచ్చింది. దీనమ్మ ఆ ‘ప’ దగ్గర కాసేపు అట్టాగే నిలబడిందంట, చెమట పట్టింది మనిషికి. ‘...ప్రార్థన చెయ్యటానికిచ్చాడయ్యా దేవుడు, మనుషుల్ని దూరం పెట్టటానికి కాదు!’ అంది. అయ్యగారు ఒక కన్ను తెరిచి చూసి, రెండోది కూడా తెరిచాడు. ‘ఆమెన్. కూటం ముగిసింది’ అన్నాడు.

ఈస్టరు నాడు బిడ్డకి తెల్లగౌను తొడిగారు. దీనమ్మ బిడ్డనెత్తుకుని గుమ్మంలోంచి బయల్దేరింది. మధ్యకొచ్చాక ఆగింది. అక్కడ వరసలో చివర సువార్తమ్మ కూర్చోనుంది. ‘లే’ అంది దీనమ్మ. లేచింది. ‘పట్టుకో’ అంది. సువార్తమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. అక్కడ నించి బల్ల దాకా ఆమే మోసింది, దీనమ్మ పక్కన నడిచింది. పాట గట్టిగా పాడతన్నారు గాబట్టి సరిపోయింది గానీ, ముందు వరసోళ్ళకి వినపడిందంట. ‘తల కింద చెయ్యి పెట్టవే, పడేస్తావా ఏంది?’ ‘పెట్టానక్కా, కనపడటంలా నీకు?’ ‘అది చెయ్యంటారా? గౌను సర్దు.’ ‘నువ్వే సర్దరాదా, ఊరికే నడుస్తన్నావుగా!’ అయ్యగారు బిడ్డని అందుకునేటప్పుడు ఇద్దరూ రెండు పక్కల నించీ వదల్లేదంట, ఆయన కాస్త గుంజాల్సొచ్చిందంట. బల్ల ఇచ్చేటప్పుడు దీనమ్మా సువార్తమ్మా పక్కపక్కనే మోకాళ్ళేశారు. గిన్నె ఎవరూ తుడవలా.

ఆ తర్వాత ఆదివారం అయ్యగారు మాంచి ఉషారు మీదున్నాడు. నిగ్రహం ఫలించింది గదా, ఆ ఊపులో లేచి, ‘ప్రియులారా, ఈ వారం నించి దీర్ఘశాంతం, అంటే ఓర్పు గురించి చెప్పుకుందాం’ అన్నాడంట. అనీ అనంగానే ఆడాళ్ళ వైపు మూడో వరసలోంచి దీనమ్మ లేచి నిలబడింది. ‘అయ్యా, నా వంతు అయిపోయింది. ఈసారి మగాళ్ళకి చెప్పండి.’ చెప్పాడంట కూడా, నాలుగు వారాలు. మగాళ్ళంతా బయటికెళ్ళి, అయ్యగారు చెప్పటం అయ్యేదాకా ఎంతో శాంతంగా చుట్టలు కాల్చుకున్నారంట. అదండీ సంగతి. ఇందులో అబద్ధమేదన్నా ఉంటే దీనమ్మనే అడగండి, నన్నడిగితే నేను మాత్రం ఏం చెబుతా.